పైథాన్ బ్యాకెండ్ నేర్చుకునేవాళ్ళకి నిజంగా పనికొచ్చే సైట్లు ఏవి? (రోజుకు 1.5 జీబీ డేటాతోనే నెట్టుకురావాలి)

గుత్తి_కోట (అనంతపురం జిల్లా)

అందరికీ నమస్తే. డిగ్రీ కంప్యూటర్స్ అయిపోయింది, పైథాన్‌లో బ్యాకెండ్ పని (సర్వర్ వైపు నడిచే కోడ్) నేర్చుకుంటున్నా. లాప్‌టాప్ 4 జీబీ ర్యామ్, విండోస్. ఇంటికాడ వైఫై లేదు, ఫోన్ హాట్‌స్పాటే గతి. ఆదివారం అనంతపురం పోతే ఫ్రెండు రూములో మంచి నెట్ దొరుకుతుంది, పెద్ద డౌన్‌లోడ్‌లు ఏవైనా అక్కడే చేసుకోవాలి.

"ప్రోగ్రామర్లు తప్పక చూడాల్సిన 100 సైట్లు" అని వాట్సాప్‌లో రోజుకో లిస్టు వస్తుంది. సేవ్ చేసుకోవడమైతే చేసుకున్నా గానీ, పనిలో చిక్కుకున్నప్పుడు వాటిలో ఏది తెరవాలో తెలీడం లేదు. పెద్దవాళ్ళు కాస్త చెప్పండి:

1. దేనికి ఏ సైటు నమ్మొచ్చు?
2. నెట్ లేకపోయినా చదువుకునేట్టు ఏవి దించుకోవచ్చు?
3. ఎర్రర్ వస్తే యాడ వెతకాలి, యాడ అడగాలి?

---

బురుజు_కాడ (కర్నూలు)

ఆ లిస్టులు పక్కన పెట్టప్పా. చాలావరకు ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసినవే. పని చేసేవాళ్ళు రోజూ తెరిచేది అసలు డాక్యుమెంటేషన్. పైథాన్‌కి దాని సొంత డాక్స్ సైటు, హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్‌కి మొజిల్లా వాళ్ళ ఎండీఎన్, డేటాబేస్‌కి పోస్ట్‌గ్రెస్ సొంత మాన్యువల్. ఈ మూడూ చదవడం అలవాటైతే మిగతావి అప్పుడప్పుడు చూసుకునేవే.

చదవడం అలవాటైతే అన్నానంటే ఊరికే అనలేదు. పైథాన్ డాక్స్‌లో ట్యుటోరియల్, లైబ్రరీ రిఫరెన్స్, లాంగ్వేజ్ రిఫరెన్స్, హౌటూలు అని వేర్వేరు భాగాలున్నాయి. కొత్తవాళ్ళు గూగుల్‌లో వెతికి నేరుగా లైబ్రరీ రిఫరెన్స్‌లో పడతారు, బెదిరిపోయి వెనక్కొస్తారు. ట్యుటోరియల్ ఒక్కసారి వరసగా చదవాలి. లైబ్రరీ రిఫరెన్స్ అవసరమొచ్చినప్పుడు తీసేది. లాంగ్వేజ్ రిఫరెన్స్ జోలికి ఇప్పుడే పోవద్దు.

ఫంక్షన్ పేరు కింద మొదటి లైను అందరూ దాటేస్తారు, అసలు సంగతంతా అక్కడే ఉంటుంది. లిస్టును వరసలో పెట్టే సార్టెడ్ ఫంక్షన్ తీసుకో. బ్రాకెట్లో ఇటరబుల్ (లిస్టు లాంటిది), తర్వాత ఒక స్లాష్, తర్వాత ఒక నక్షత్రం, ఆ తర్వాత కీ, రివర్స్ అని ఉంటుంది. స్లాష్‌కి ముందున్నది పేరు పెట్టకుండానే ఇవ్వాలి. నక్షత్రం తర్వాతవి పేరు పెట్టే ఇవ్వాలి. అందుకే "సార్టెడ్, లిస్టు, ట్రూ" అని కొడితే "ఒక ఆర్గ్యుమెంట్ అనుకుంటే రెండు వచ్చాయి" అని టైప్‌ఎర్రర్ కొడుతుంది. రివర్స్ ఈక్వల్స్ ట్రూ అని రాయాలి. ఆ స్లాష్, ఆ నక్షత్రం ఎందుకున్నాయో తెలిస్తే ఇలాంటి ఎర్రర్లకు ఎవర్నీ అడగక్కర్లేదు. ఇంకొకటి, లిస్టుకున్న సార్ట్ మెథడ్ అదే లిస్టును సర్ది నన్ వెనక్కిస్తుంది, సార్టెడ్ కొత్త లిస్టు ఇస్తుంది. "నన్‌టైప్" అని ఎర్రర్ వస్తే ముందు అనుమానించాల్సింది ఇట్లాంటి మెథడ్‌నే.

వెర్షన్ సంగతి కూడా చూసుకో. గూగుల్ పట్టుకొచ్చే పేజీ పాత వెర్షన్‌ది కావచ్చు. పైథాన్ డాక్స్‌లో పైన ఎడమవైపు వెర్షన్ మార్చుకునే పెట్టె ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ మాన్యువల్‌లో ప్రతి పేజీ నెత్తిన అదే పేజీ మిగతా వెర్షన్లకు లింకులుంటాయి. ఎండీఎన్‌లో పేజీ అడుగున ఏ బ్రౌజర్‌లో ఎప్పట్నుంచి పనిచేస్తుందో పట్టిక ఉంటుంది. క్రోమ్‌లో ఆడి ఐఫోన్‌లో ఆడలేదంటే ముందు ఆ పట్టికే చూడాలి.

ఇంగ ఆఫ్‌లైన్ సంగతి.

డెవ్‌డాక్స్ అని ఒక సైటుంది, ఇప్పుడు ఫ్రీకోడ్‌క్యాంప్ వాళ్ళు చూసుకుంటున్నారు. పైథాన్, జావాస్క్రిప్ట్, జాంగో, ఫ్లాస్క్, పోస్ట్‌గ్రెస్, గిట్ అన్నిటి డాక్స్ ఒకేచోట, ఒకే సెర్చ్ పెట్టెలో. ఇక్కడ చాలామంది బోల్తా పడేది ఒకటుంది. ప్రిఫరెన్సెస్‌లో ఒక డాక్‌కి టిక్ పెడితే దాని విషయసూచిక మాత్రమే వస్తుంది, పేజీలు అప్పటికప్పుడు నెట్ నుంచి తెస్తుంది. నెట్ తీసేశాక కూడా చదవాలంటే ఆఫ్‌లైన్ డేటా అన్న పేజీకి పోయి ఒక్కో డాక్ పక్కన ఇన్‌స్టాల్ నొక్కాలి. ఇదంతా బ్రౌజర్ నిల్వలోనే ఉంటుంది కాబట్టి "క్లియర్ బ్రౌజింగ్ డేటా" కొట్టి సైట్ డేటా కూడా తుడిచేస్తే మొత్తం పోతుంది. ఇన్‌కాగ్నిటో విండోలో చేస్తే మూయగానే పోతుంది. దించుకున్నాక హాట్‌స్పాట్ ఆపి నాలుగు పేజీలు తెరిచి చూడు, అప్పుడే ఫ్రెండు రూము నుంచి కదులు.

బ్రౌజర్ మీద నమ్మకం లేకపోతే జీల్ అని విండోస్, లినక్స్‌కి ఒక ప్రోగ్రామ్ ఉంది, ఉచితం. టూల్స్‌లో డాక్‌సెట్స్, అందులో అవైలబుల్ ట్యాబ్, కావాల్సింది ఎంచుకుని డౌన్‌లోడ్.

పైథాన్ డాక్స్ సైటులోనే డౌన్‌లోడ్ పేజీ ఉంది. హెచ్‌టీఎంఎల్ జిప్ దించి, విప్పి, ఇండెక్స్ ఫైలు తెరిస్తే సెర్చ్‌తో సహా నెట్ లేకుండానే ఆడుతుంది. పీడీఎఫ్ వద్దు, అందులో వెతకడం నరకం. ఏదీ దించకుండా కూడా ఒక దారుంది: టెర్మినల్‌లో «పైథాన్ -ఎమ్ పైడాక్ -బి» కొట్టు. నీ మిషన్‌లో ఇన్‌స్టాల్ అయిన మాడ్యూళ్ళన్నిటి డాక్స్ బ్రౌజర్‌లో తెరుచుకుంటాయి. చూడ్డానికి బాగుండదు, పని మాత్రం అవుతుంది.

---

చెయ్యేరు (కడప)

పైన అన్న చెప్పింది తెలిసినవాళ్ళకు సరే. నేర్చుకునే దశలో ఉండే తమ్ముడికి డాక్స్ ఒక్కటే ఇస్తే ఎట్లన్నా? నేర్చుకునేదానికి నాలుగు చెప్తా.

ఇంగ్లీషు వీడియో వేగం అందకపోతే ఐఐటీ బాంబే వాళ్ళ స్పోకెన్ ట్యుటోరియల్ చూడు. సీ, సీ++, పైథాన్, లినక్స్, మై ఎస్‌క్యూఎల్‌కి ఉన్నాయి, వాటిలో కొన్నిటికి తెలుగు ఆడియో కూడా ఉంది. ఒక్కోటి పది నిమిషాల చుట్టుపక్కల. స్క్రీన్ సగంలో వీడియో, సగంలో నీ ఎడిటర్ పెట్టుకుని, ఆపుకుంటూ, వాళ్ళు కొట్టింది నువ్వూ కొట్టాలి. వాళ్ళు తయారుచేసిందే ఆ పద్ధతికి. ఊరికే చూస్తూ పోతే ఏమీ మిగలదు. కొన్ని పాతకాలంలో తీసినవి: ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేకుండా కనిపిస్తే అది పైథాన్ 2. దానికి సపోర్ట్ 2020 జనవరి 1తోనే ముగిసింది, ఆ వీడియో వదిలేసి పైథాన్ 3 సిరీస్‌కి పో.

ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఆన్‌లైన్ కోర్సుల సైటు ఎన్‌పీటెల్‌లో చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ మాధవన్ ముకుంద్ గారి "పైథాన్‌తో ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్, ఆల్గోరిథమ్స్" కోర్సు ఎనిమిది వారాలది. బ్యాకెండ్ అయినా ఇంకోటి అయినా ఇంటర్వ్యూలో అడిగేది ఇదే. చదవడం ఉచితం. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు, సెంటర్‌కి పోయి రాయాలి. లెక్క ఇట్ల ఉంటుంది: వారం వారం అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 విడివిడిగా దాటాలి. పరీక్షలో ఇరగదీసినా అసైన్‌మెంట్లు ఎగ్గొట్టుంటే సర్టిఫికెట్ రాదు. అసైన్‌మెంట్ గడువు దాటితే మళ్ళీ తెరవరు, కాబట్టి చివరి రోజు రాత్రి హాట్‌స్పాట్ మీద పెట్టుకోవద్దు.

హార్వర్డ్ వాళ్ళ సీఎస్50లో పైథాన్‌కి వేరే కోర్సు ఉంది. వీడియోలు పెద్దవి, నీ డేటా అంతా తాగేస్తాయి. కానీ ప్రతి లెక్చర్‌కి నోట్స్ పేజీ ఉంది, అక్షరాలే. నోట్స్ చదివి ప్రాబ్లమ్ సెట్లు చెయ్యి. ఆ కోర్సులో బలమంతా ప్రాబ్లమ్ సెట్లలోనే.

లిస్టులు, రిఫరెన్సులు బుర్రకెక్కకపోతే పైథాన్ ట్యూటర్ సైటు. నీ కోడ్ అంటించి ఒక్కో అడుగు నొక్కుతూ పోతే మెమొరీలో ఏం జరుగుతుందో బొమ్మ గీసి చూపిస్తుంది. ఇది చెయ్యి చూడు: ఏ అనే లిస్టులో 1, 2, 3 పెట్టు. బీ ఈక్వల్స్ ఏ అను. బీకి 4 అపెండ్ చెయ్యి. ఏ ప్రింట్ చెయ్యి. 4 ఏలో కూడా కనిపిస్తుంది. ఎందుకో బొమ్మలో కనపడుతుంది: రెండు పేర్ల నుంచి రెండు బాణాలు ఒకే లిస్టుకి పోతాయి. ఫంక్షన్‌లోకి లిస్టు పంపితే బయట లిస్టు ఎందుకు మారిందన్న ప్రశ్నకు జవాబు కూడా ఇదే. పెద్ద ప్రోగ్రాములకు పనికిరాదు, అడుగులు ఎక్కువైతే ఆపేస్తుంది, బయటి లైబ్రరీలు చాలావరకు ఆడవు. చిన్న ముక్క కత్తిరించి పెట్టాలి.

సార్టింగ్, ట్రీలు, గ్రాఫులకు విజుఆల్గో, సింగపూర్ యూనివర్సిటీ వాళ్ళది. అభ్యాసానికి సీఎస్ఈఎస్ ప్రాబ్లమ్ సెట్, ఫిన్లాండ్‌ది. యాడ్లు లేవు, పేజీ తేలిక, నీ హాట్‌స్పాట్‌కి సరిగ్గా సరిపోతుంది. లీట్‌కోడ్ ఇంటర్వ్యూకి ముందు చూసుకోవచ్చు.

డబ్ల్యూ3స్కూల్స్ గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి చెప్తా. సింటాక్స్ గుర్తు చేసుకోవడానికి పరవాలేదు. వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీకి దానికి ఏ సంబంధమూ లేదు, పేరు చూసి అదే ప్రమాణం అనుకోవద్దు.

---

ప్రొద్దుటూరు_పైథాన్ (కడప జిల్లా)

మూడో ప్రశ్నకు నేను చెప్తా.

ట్రేస్‌బ్యాక్ (ఎర్రర్ వచ్చినప్పుడు పైథాన్ చూపించే లైన్ల వరస) కింద నుంచి పైకి చదవాలి. ఆఖరి లైనులో ఎర్రర్ రకం, సందేశం ఉంటాయి. అక్కడ్నుంచి పైకి పోతూ నీ సొంత ఫైలు పేరు మొదట ఎక్కడ తగులుతుందో అక్కడ ఆగు. తొంభై పాళ్ళు తప్పు ఆ లైనులోనో దానికి కాస్త ముందో ఉంటుంది. మధ్యలో సైట్-ప్యాకేజెస్ అని వచ్చే లైన్లన్నీ లైబ్రరీ లోపలివి, వాటిని చూసి కంగారు పడొద్దు. పైథాన్ 3.11 నుంచి లైను కింద చిన్న టోపీ గుర్తులు పెట్టి ఆ లైనులో ఏ ముక్కలో తేడా వచ్చిందో కూడా చూపిస్తుంది. ఇంకా 3.8లో ఉంటే అందుకోసమైనా మార్చు.

గూగుల్‌లో ఎర్రర్ మొత్తం అంటించొద్దు. నీ ఫోల్డర్ పేర్లు, నీ వేరియబుల్ పేర్లు తీసెయ్. మిగిలిన సందేశాన్ని కోట్స్‌లో పెట్టు, పక్కన లైబ్రరీ పేరు రాయి. సీ డ్రైవ్, యూజర్స్, నీ పేరు ఇవన్నీ ఉంటే ప్రపంచంలో ఆ ఎర్రర్ నీకొక్కడికే వచ్చినట్టు వెతుకుతుంది.

ప్రోగ్రామర్లు ప్రశ్నలు, జవాబులు రాసుకునే స్టాక్ ఓవర్‌ఫ్లోలో జవాబు తేదీ చూడు. ఆకుపచ్చ టిక్ ఉందని నమ్మేయొద్దు. అది అడిగినవాడికి అప్పట్లో పనిచేసిందని మాత్రమే. 2010లో సరైన జవాబు ఇప్పుడు తప్పు కావచ్చు. జవాబుల పైన వరుస మార్చుకునే పెట్టెలో ట్రెండింగ్ అని పెడితే ఈమధ్య ఓట్లు పడినవి పైకొస్తాయి. జవాబు కింద కామెంట్లు కూడా చదువు. "ఇది ఫలానా వెర్షన్ నుంచి పనిచేయదు" అన్న ముక్క చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఎర్రర్ లైబ్రరీదే అనిపిస్తే గిట్‌హబ్‌లో ఆ లైబ్రరీ ఇష్యూస్ (వాడేవాళ్ళు తప్పులు చెప్పుకునే) పేజీకి పో. అక్కడ సెర్చ్ పెట్టెలో ముందుగానే "ఓపెన్" అన్న ఫిల్టర్ పెట్టి ఉంటుంది. అది తీసెయ్యకపోతే మూసేసిన ఇష్యూలు కనిపించవు. నీ సమస్యకు పరిష్కారం ఉండేది మూసేసినవాటిలోనే! నిన్నటిదాకా ఆడి ఈరోజు ఆడలేదంటే రిలీజెస్ పేజీ తెరిచి "బ్రేకింగ్ చేంజెస్" అన్న చోట చదువు.

అడగాల్సి వస్తే ఇవి కావాలి: ఇంకొకరు తమ మిషన్‌లో అంటించి నడపగలిగేంత చిన్న కోడ్, మొత్తం ట్రేస్‌బ్యాక్ అక్షరాలుగా, పైథాన్ వెర్షన్, లైబ్రరీ వెర్షన్, ఏం రావాలనుకున్నావు, ఏం వచ్చింది. ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫొటో పెడితే ఎవరూ చూడరు, దాంట్లోంచి ఎవరు కొట్టుకుంటారు? కోడ్ చిన్నది చేసే పనిని తప్పించుకోవద్దు. నాలుగు వందల లైన్లను ఇరవైకి తెచ్చేలోపే సగం తప్పులు వాటంతటవే దొరికిపోతాయి.

---

గుత్తి_కోట

అన్నలకు, అక్కలకు చాలా థ్యాంక్స్. డెవ్‌డాక్స్‌లో నేను టిక్కు పెట్టి వదిలేసింది నిజమే, అందుకే బస్సులో తెరుచుకోలేదు.

ఇంకో రెండు అడుగుతా. ఒకటి, 4 జీబీ ర్యామ్‌లో వీఎస్ కోడ్, డేటాబేస్, బ్రౌజర్ మూడూ తెరిస్తే మిషన్ ఆగిపోతోంది. ఆన్‌లైన్‌లోనే నడిపే దారి ఉందా? రెండు, ప్రాజెక్టులో ఊర్ల పేర్లు తెలుగులో సీఎస్‌వీలోకి (కామాలతో విడదీసే టెక్స్ట్ ఫైలు) రాస్తున్నా. ఎక్సెల్‌లో తెరిస్తే అంతా పిచ్చి గీతలు. యూనికోడ్ గురించి సరైన సైటు ఏది?

---

ఆదోని_నోడ్ (కర్నూలు జిల్లా)

మొదటిదానికి: గిట్‌హబ్ కోడ్‌స్పేసెస్. బ్రౌజర్‌లో వీఎస్ కోడ్ తెరుచుకుంటుంది, నడిచేది వాళ్ళ మిషన్. ఉచిత ఖాతాకు నెలకు 120 కోర్-గంటలు, 15 జీబీ నిల్వ. 120 అంటే 120 గంటలు కాదు: అన్నిటికన్నా చిన్న మిషన్‌కే రెండు కోర్లు, కాబట్టి 60 గంటలు. నాలుగు కోర్లది ఎంచుకుంటే 30కి పడిపోతుంది. ట్యాబ్ మూసినంత మాత్రాన ఆగదు, అరగంట కదలిక లేకపోతే అప్పుడు ఆగుతుంది. పని అయ్యాక నువ్వే స్టాప్ కొట్టు. ఆపేసినవి కూడా నిల్వ లెక్కలోకొస్తాయి, పాతవి తీసేస్తూ ఉండు. తీసేముందు గిట్ పుష్ చేశావో లేదో చూసుకో. ముట్టుకోకుండా వదిలేస్తే 30 రోజులకు అదే తీసేస్తుంది.

కోడ్ చదవడానికి, చిన్న మార్పుకి అయితే అది కూడా అక్కర్లేదు. గిట్‌హబ్‌లో ఏ రిపాజిటరీ (ఒక ప్రాజెక్టు కోడ్ అంతా ఉండే చోటు) అయినా తెరిచి కీబోర్డులో ఫుల్‌స్టాప్ నొక్కు, ఎడిటర్ వస్తుంది. టెర్మినల్ ఉండదు, దీనికి గంటల లెక్క లేదు. గూగుల్ కోలాబ్ డేటా పనికి బాగుంటుంది, బ్యాకెండ్‌కి కాదు. సెషన్ తెగితే అక్కడ దించిన ఫైళ్ళన్నీ పోతాయి.

నేర్చుకునే దశలో పోస్ట్‌గ్రెస్ సర్వర్ మిషన్‌లో నడపకపోయినా ఏం కాదు. ఎస్‌క్యూలైట్ పైథాన్‌తోపాటే వస్తుంది, ఒకే ఫైలు, ర్యామ్ తినదు.

పెద్ద రిపాజిటరీ క్లోన్ చేసేటప్పుడు «గిట్ క్లోన్ --డెప్త్ 1» వాడు. పాత చరిత్ర అంతా రాకుండా చివరి స్థితి మాత్రమే వస్తుంది, డేటా బాగా మిగులుతుంది. చరిత్ర కావాల్సొస్తే తర్వాత «గిట్ ఫెచ్ --అన్‌షాలో».

ఆన్‌లైన్ అన్నావు కాబట్టి ఒక హెచ్చరిక. డేటాబేస్ పాస్‌వర్డ్, ఏపీఐ కీ పబ్లిక్ రిపాజిటరీలో పెట్టొద్దు. డాట్ ఎన్వ్ ఫైలులో పెట్టి, ఆ పేరు గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ వదిలేయాల్సిన ఫైళ్ళ జాబితా) రాయాలి. ఆ ఫైలును ఇంతకుముందే కమిట్ చేసి ఉంటే గిట్‌ఇగ్నోర్ దాన్ని ఆపదు, «గిట్ ఆర్ఎమ్ --క్యాష్డ్» తో ముందు బయటికి తీయాలి. పొరపాటున పైకి పోయిందనుకో, లైను చెరిపి ఇంకో కమిట్ పెడితే సరిపోదు, పాత కమిట్‌లో అది అట్లాగే ఉంటుంది. కీలు ఏరుకోవడానికే బాట్లు తిరుగుతుంటాయి. మొదట ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకో, చరిత్ర శుభ్రం చేసే సంగతి తర్వాత.

ఏఐ చాట్‌బాట్‌ను అడిగి ప్యాకేజీ పెట్టుకునేవాళ్ళకు కూడా ఒక మాట. అవి ఒక్కోసారి లేని లైబ్రరీ పేరు ఉన్నట్టే చెప్తాయి. అలాంటి పేర్లు కనిపెట్టి, వాటి మీద చెడ్డ ప్యాకేజీలు పెట్టేవాళ్ళూ ఉన్నారు. పిప్ (పైథాన్ ప్యాకేజీలు దించి పెట్టే పనిముట్టు) ఇన్‌స్టాల్ కొట్టేముందు, ఆ ప్యాకేజీలుండే పైపీఐ సైటులో ఆ పేజీ తెరువు. రిలీజ్ హిస్టరీ చూడు, సోర్స్ కోడ్ లింకు నొక్కి చూడు. నిన్న పుట్టి ఒకే ఒక్క రిలీజ్ ఉన్నదైతే ముట్టుకోవద్దు. ఇంపోర్ట్ పేరు, ప్యాకేజీ పేరు ఒకటే అనుకోవద్దు కూడా: సీవీ2 కావాలంటే ఓపెన్‌సీవీ-పైథాన్, బీఎస్4కి బ్యూటిఫుల్‌సూప్4, పీఐఎల్‌కి పిల్లో, యామల్‌కి పైయామల్. ఊహించి కొడితే వేరేవాడి ప్యాకేజీ దిగే ప్రమాదం ఉంది.

---

తెలుగు_బైట్లు (అనంతపురం)

సీఎస్‌వీ సంగతి నేను చెప్తా. నీ ఫైలు పాడవలేదు, భయపడకు. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్‌పాయింట్ (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకిచ్చిన నంబరు) ఒక్కోటి మూడు బైట్లు. మొదటి బైటు ఎప్పుడూ ఈ0, రెండోది బీ0 లేదా బీ1. ఎక్సెల్ ఆ మూడింటినీ మూడు వేర్వేరు ఇంగ్లీషు గుర్తులనుకుని చూపిస్తుంది. అందుకే ప్రతి అక్షరం ముందూ నెత్తిన గీత ఉన్న "ఏ", పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో పదే పదే కనిపిస్తాయి. అవి కనిపిస్తే డేటా క్షేమమే, చదివే పద్ధతే తప్పు. అన్నీ ప్రశ్నార్థకాలు కనిపిస్తే మాత్రం డేటా పోయినట్టే, ఎవరో తప్పు ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేసేశారు.

రాసేటప్పుడు ఓపెన్ ఫంక్షన్‌లో ఎన్‌కోడింగ్ «యూటీఎఫ్-8-సిగ్» అని ఇవ్వు. ఫైలు మొదట్లో మూడు బైట్ల గుర్తు పడుతుంది, దాన్ని చూసి ఎక్సెల్ సరిగ్గా తెరుస్తుంది. అదే ఫైలును మళ్ళీ పైథాన్‌లో చదివేటప్పుడు కూడా సిగ్ ఉన్నదే ఇవ్వాలి. లేకపోతే మొదటి కాలమ్ పేరుకు ముందు కనపడని అక్షరం ఒకటి అంటుకుని కీఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్ పట్టుకోవడం మహా చిరాకు, ప్రింట్ చేస్తే పేరు సరిగ్గానే కనిపిస్తుంది మరి. ఇంతకుముందే తయారైన ఫైలైతే డబుల్ క్లిక్ చేయకుండా ఎక్సెల్‌లో డేటా ట్యాబ్, ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ, ఫైల్ ఆరిజిన్‌లో 65001 యూనికోడ్ యూటీఎఫ్-8 ఎంచుకో.

డేటా డీటీపీ షాపు నుంచి వస్తే ఈ విద్యలేవీ పారవు. అను ఫాంట్లలో కొట్టిన మేటర్ యూనికోడ్ కానే కాదు. కన్వర్టర్‌లో వేసి, ఒత్తులు సరిగ్గా దిగాయో లేదో మనిషి చూడాల్సిందే.

ఇంకో చోట దెబ్బ తింటావు, ముందే చెప్తున్నా. "కర్నూలు" అనే పేరుకు పైథాన్‌లో లెన్ కొట్టు. 7 వస్తుంది. క, ర, పొల్లు, న, ఊత్వం, ల, ఉత్వం. బైట్లలో 21. కంటికి కనపడేవి మూడు: క, ర్నూ, లు. ఫారంలో "10 అక్షరాలు మించరాదు" అని పెడితే ఈ మూడు లెక్కల్లో ఏదో నువ్వే తేల్చుకోవాలి. స్ట్రింగ్‌ను మధ్యలో కోస్తే పొల్లు ఒకవైపు, ఒత్తు ఇంకోవైపు పడి పేరు విరిగిపోతుంది. కంటికి కనపడే ముక్కల ప్రకారం కోయాలంటే రెజెక్స్ అనే ప్యాకేజీ ఉంది, మామూలు ఆర్ఈ కాదు. అక్కడ కూడా తిరకాసు: యూనికోడ్ 15.1కి ముందు నియమాల ప్రకారం "ర్", "నూ" వేరు వేరు ముక్కలు. 15.1 నుంచే తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒక్కటిగా లెక్కించే నియమం వచ్చింది. లైబ్రరీ పాతదైతే 4, కొత్తదైతే 3. టెస్ట్ నీ దగ్గర ఒకటి, సర్వర్‌లో ఒకటి చెప్తే కారణం ఇదే కావచ్చు.

వెతకడంలో కనపడని జీరో విడ్త్ నాన్‌జాయినర్ (పక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు) ఇబ్బంది పెడుతుంది. "బ్యాంక్‌లో" అని ఫోన్ కీబోర్డు కొడితే మధ్యలో అది ఉంటుంది, ఇంకొకరు కొడితే ఉండదు. పోల్చేముందు ఎన్ఎఫ్‌సీ (రకరకాలుగా రాసిన ఒకే అక్షరాన్ని ఒకే రూపానికి తెచ్చే యూనికోడ్ పద్ధతి) చేసి, ఆ గుర్తు తీసేసిన కాపీ ఒకటి వేరే కాలమ్‌లో పెట్టుకుని దాంట్లో వెతుకు. ఎన్ఎఫ్‌సీ ఒక్కటే చేస్తే ఆ గుర్తు పోదు. అసలు కాలమ్‌లోంచి మాత్రం తీయొద్దు, తీస్తే చూపించేటప్పుడు "బ్యాంక్లో" అయిపోతుంది. మై ఎస్‌క్యూఎల్‌లో "యూటీఎఫ్8" అన్న పాత పేరు మూడు బైట్ల వరకే. తెలుగు పడుతుంది, పక్కన ఎమోజీ పెడితే పడదు. యూటీఎఫ్8ఎంబీ4 వాడు.

సైట్లు అడిగావు. యూనికోడ్ వాళ్ళ తెలుగు పట్టిక, 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా, చిన్న పీడీఎఫ్, దించి పెట్టుకో. రిచర్డ్ ఇషిడా గారి ఆర్12ఏ సైటులో తెలుగు లిపి గురించి చాలా వివరంగా ఉంది. అక్కడే యూనివ్యూ అనే పనిముట్టు ఉంది, అనుమానం వచ్చిన పదాన్ని అందులో అంటిస్తే కనపడని గుర్తులతో సహా ఒక్కో కోడ్‌పాయింట్ విప్పి చూపిస్తుంది. ఫాంట్లకు గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు అని ఫిల్టర్ పెడితే మండలి, రామభద్ర, గిడుగు, నోటో సాన్స్ తెలుగు వస్తాయి. పైథాన్‌లో పీడీఎఫ్ తయారు చేస్తే ఒత్తులు పక్కకు జరుగుతాయి, తప్పు ఫాంట్‌ది కాదు. ఎఫ్‌పీడీఎఫ్2 లైబ్రరీలో టెక్స్ట్ షేపింగ్ (అక్షరాలకు ఒత్తులు సరిగ్గా అమర్చే పని) ఆన్ చేసి, యూహార్ఫ్‌బజ్ ప్యాకేజీ పెట్టుకుంటే సరిగ్గా కూర్చుంటాయి. లేదంటే వీజీప్రింట్ వాడు.

---

గుత్తి_కోట

సిగ్ పెట్టగానే ఊర్ల పేర్లన్నీ సరిగ్గా వచ్చేశాయి అన్నా!

ఆఖరిది. పిప్ ప్యాకేజీలు కూడా ఫ్రెండు లాప్‌టాప్‌లో దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నా. «పిప్ డౌన్‌లోడ్ -డి వీల్స్ -ఆర్ రిక్వైర్‌మెంట్స్.టీఎక్స్‌టీ» అక్కడ, «పిప్ ఇన్‌స్టాల్ --నో-ఇండెక్స్ --ఫైండ్-లింక్స్ వీల్స్ ప్యాకేజీ-పేరు» అని ఒక్కోటిగా ఇక్కడ. ఫైళ్ళు ఫోల్డర్‌లో కళ్ళముందే ఉన్నాయి, అయినా "సరిపడే వెర్షన్ దొరకలేదు" అంటోంది. కొన్ని మాత్రం ఎక్కాయి.

---

బురుజు_కాడ

ఎక్కని ఫైలు పేరు చూడు. సీపీ312 అని ఉంటే అది పైథాన్ 3.12కి కట్టింది. నీ దగ్గర 3.11 ఉంటే అది నీ పిప్ కంటికి లేనట్టే. చివర విన్_ఏఎమ్‌డీ64 ఉండాలి, మెనీలినక్స్ అని ఉంటే ఫ్రెండుది లినక్స్ అన్నమాట. ఎక్కినవాటి చివర పీవై3-నన్-ఎనీ అని ఉంటుంది, అవి అచ్చంగా పైథాన్‌లో రాసినవి కాబట్టి యాడైనా ఆడతాయి.

ఇద్దరూ ఒకే పైథాన్ వెర్షన్ పెట్టుకోవడం తేలిక. కుదరకపోతే అక్కడ దించేటప్పుడే నీ మిషన్ వివరాలు ఇవ్వాలి: «--పైథాన్-వెర్షన్ 3.11 --ప్లాట్‌ఫామ్ విన్_ఏఎమ్‌డీ64 --ఓన్లీ-బైనరీ=:ఆల్:». ఆ ఓన్లీ-బైనరీ మర్చిపోతే మిగతా రెండింటినీ పిప్ ఒప్పుకోదు. దించిన ఫోల్డర్‌లో టార్ జీజెడ్ ఫైలు ఏదైనా కనిపిస్తే అది సోర్స్. నీ మిషన్‌లో కట్టుకోవాలి, కట్టడానికి కావాల్సిన సెటప్‌టూల్స్ లాంటివి ఫోల్డర్‌లో లేకపోతే ఆగిపోతుంది. కాబట్టి పెన్‌డ్రైవ్ పీకేముందు ఫోల్డర్‌లో అన్నీ డాట్ డబ్ల్యూహెచ్ఎల్ (వీల్, అంటే ముందే కట్టి పెట్టిన ప్యాకేజీ) ఫైళ్ళే ఉన్నాయో లేదో ఒకసారి చూసుకో. వెర్షన్ ఏదో గుర్తులేకపోతే నీ మిషన్‌లో «పిప్ డీబగ్ --వెర్బోస్» కొట్టు, ఏ ట్యాగులు ఒప్పుకుంటుందో వరసగా చూపిస్తుంది. పైన ఉన్న మొదటి ట్యాగు ఫొటో తీసుకుని ఆదివారం పట్టుకుపో.